ఎత్తు వెనక ఆలోచన

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం, విశాఖపట్నం)



గిడుగు వారి పేరు మీద ఉపన్యాసం అనగానే వాడుక భాష గురించి వినడానికి సిద్ధపడి వచ్చి ఉంటారు. నేను పిల్లల ఆటల గురించి మాట్లాడబోతున్నాను. ఒక చిక్కు ఎదురైతే పిల్లలు దాన్ని ఎలా విప్పుకుంటారో, ఆ నేర్పు ఎవరిలో ఏ మేరకు ఉందో ఆట ఆడించి తెలుసుకోవడం నా విషయం. దీన్ని ఈ వేదిక మీద ఎందుకు ఎంచుకున్నానో ముందు చెబుతాను.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా కొలువు మొదలుపెట్టారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను చదువుకున్నవాళ్ళు చెవిన పెట్టని రోజుల్లో ఆయన పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, పాఠ్యపుస్తకాలు తయారుచేశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ తర్వాత తెలుగు బడుల్లో గ్రాంథికం పెత్తనం మీద పోరాడారు. ఆ పోరాటంలో మన విశాఖకూ వాటా ఉంది. ఇక్కడి ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, విజయనగరం నుంచి గురజాడ అప్పారావుగారు తొలినాళ్ళలో ఆయనతో కలిసి నడిచారు. సాహిత్య చరిత్రల్లో ఇదంతా కవుల, పండితుల తగువుగా కనిపిస్తుంది. నా దృష్టిలో అది మొదట బడి తగువు. ఇంట్లో, వీధిలో ఎవరూ మాట్లాడని భాషలో ప్రశ్న అడిగి, ఆ భాషలోనే జవాబు రాయమని, రాయలేకపోతే వీడికి బుర్ర లేదని తేల్చేసే పద్ధతి మీద ఒక ఉపాధ్యాయుడు చేసిన తిరుగుబాటు అది.

ఆ తిరుగుబాటు సగమే గెలిచింది. వాడుక భాష పుస్తకాల్లోకి వచ్చింది, సంతోషం. అయితే పరీక్షకు భాషతో పాటు ఒక రూపం కూడా ఉంటుంది. గీతల కాగితం, పూరించాల్సిన ఖాళీలు, మోగే గంట, పక్కకు చూడకూడదన్న ఆంక్ష, చివర ఒక అంకె. ఈ రూపానికి అలవాటుపడిన పిల్లలకు అది ఉందన్న సంగతే తెలియదు. అలవాటు లేని పిల్లకు లెక్క కంటే ముందు అదే అడ్డం వస్తుంది. పంతులుగారు భాష దగ్గర అడిగిన ప్రశ్ననే మనం ఇప్పుడు ఈ రూపం దగ్గర అడగాలి: మనం కొలుస్తున్నది పిల్ల బుద్ధినా, మన కాగితంతో ఆ పిల్లకున్న పరిచయాన్నా?

తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బరుకు వెళ్ళినవాళ్ళకు ఈ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. పడవలు దింపిన సరుకు జెట్టీ మీద గుట్టలు పోస్తారు. పాట మొదలవుతుంది. వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు, రకానికో ధర, సైజుకో ధర. పాటలో బుట్ట దక్కించుకున్న తల్లి దాన్ని ఊళ్ళోకి తెచ్చి పోగులు పెట్టి అమ్ముతుంది. బడి లేని రోజున పక్కన పదేళ్ళ కూతురు కూర్చుంటుంది. మాటవరసకు ఒక లెక్క చెబుతాను. బుట్ట రెండు వేల నాలుగొందలకు పడింది. ఐసుకు, ఆటోకు మూడొందలు పోయాయి. పదిహేను పోగులు పెడితే పోగు ఎంతకు ఇస్తే అసలు వస్తుంది? ఎండ ముదిరాక చివరి నాలుగు పోగులు సగం ధరకు వదిలించుకోవాల్సి వస్తే ముందటివి ఎంతకు అమ్మాలి? ఈ లెక్క అక్కడ నోటితోనే తెగుతుంది. కొనేవాళ్ళు బేరమాడుతుంటే బేరానికి తగ్గట్టు మారుతూ కూడా ఉంటుంది. మరి అదే పిల్ల ముందు 2700ని 15తో భాగించమని నోటుబుక్కులో రాసి పెడితే?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన పెద్ద పరిశోధన ఒకటి 2025లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, మరికొందరు కలిసి చేశారు. కలకత్తా, ఢిల్లీ బజార్లలో సరుకు అమ్మే 1,436 మంది పిల్లల్ని వాళ్ళు పరిశీలించారు. దాదాపు అందరూ బేరం దగ్గర చిక్కు లెక్కలు తప్పు లేకుండా చేశారు. సరుకు పేరు, ధర చెప్పి నోటితో అడిగిన ఊహా లెక్కలూ చేశారు. అంతే కష్టం ఉన్నవీ, అంతకంటే తేలికైనవీ బడిలో ఇచ్చే తీరున వట్టి అంకెలుగా ఇస్తే మాత్రం చేయలేకపోయారు. ఆ చుట్టుపక్కల బడుల్లో చదువుతూ అమ్మకం అనుభవం లేని 471 మంది పిల్లల దగ్గర ఇది తలకిందులైంది. వట్టి అంకెల లెక్కలు వాళ్ళు మెరుగ్గా చేశారు. పనిచేసే పిల్లల్లో మూడో వంతుకు పైగా చేయగలిగిన ఒక బజారు లెక్కను వాళ్ళలో నూటికి ఒక్కరే చేశారు. దానికి నలభై ఏళ్ళ ముందు, 1985లో, బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనం కూడా ఈ బాటలోనే నడిచింది. బేరంలో నూటికి తొంభై ఎనిమిది లెక్కలు ఒప్పు చేసిన అయిదుగురు పిల్లలు కాగితం మీది వట్టి లెక్కల్లో నూటికి ముప్ఫై ఏడు దగ్గర ఆగిపోయారు.

దీన్నుంచి బజారు గొప్పది, బడి చెడ్డది అని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పదేళ్ళ పిల్ల చేపల బుట్ట దగ్గర కాదు, బడిలో ఉండాలి. నన్ను బాధపెట్టేది వేరే సంగతి. ఆ పిల్ల బడికి వచ్చినప్పుడు తన వెంట తెచ్చిన తెలివి మనకు కనబడదు. కనబడే సాధనం మన దగ్గర లేదు కాబట్టి ఆ పిల్లకు తెలివే లేదని రిజిస్టరులో రాసుకుంటున్నాం.

పరీక్షలు పుట్టినప్పుడు ఉద్దేశం మంచిదే. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ తమ ప్రశ్నావళి తయారుచేసింది బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో గుర్తించడానికి. తర్వాత అది పిల్లల నుదుట అంకె రాసే యంత్రంగా మారిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత అదే పారిస్‌లో, బినే పేరు మీద నడిచే ప్రయోగశాలలో, జాన్ పియాజే అనే కుర్రవాడికి పిల్లల చేత తర్కం ప్రశ్నలు చేయించి ప్రమాణాలు కట్టే పని అప్పజెప్పారు. ఒప్పులు లెక్కపెట్టాల్సిన ఆ కుర్రవాడి చూపు తప్పుల మీద పడింది. ఒక వయసు పిల్లలు ఒకే తీరున తప్పు చేస్తున్నారు, ఆ తప్పు వెనక ఒక దారి ఉంది. ఆ దారి పట్టుకునే ఆయన జీవితమంతా నడిచాడు. గోళీలాడే పిల్లల దగ్గర కూర్చుని, మీ ఆట నియమాలు నాకూ నేర్పండి అని అడిగి, వాళ్ళు చెప్పినదాని మీద 1932లో పుస్తకం రాశాడు. పిల్లల్ని ఆటలో చూసి బుద్ధిని అర్థం చేసుకోవడమనే పనికి అంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

మన దేశంలోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. 1955లో సి.ఎం. భాటియా అచ్చువేసిన పరీక్షల పెట్టె చదువు రానివాళ్ళ బుద్ధినీ కొలవడానికి తయారైంది. రంగురంగుల చెక్కఘనాలు పేర్చి బొమ్మలో ఉన్న నమూనా తెప్పించడం అందులో ఒకటి. అంచులున్న పళ్ళెంలో ఎర్రబిళ్ళలు, నీలిబిళ్ళలు ఉంటాయి, వాటిని పైకెత్తకుండా జరుపుతూనే ఆ వైపువి ఈ వైపుకు చేర్చడం ఇంకొకటి. ఈ పెట్టెను ఆడుకోవడానికి ఇస్తే ఏ పిల్లా వద్దనదు. గడియారం పెట్టి మార్కులు వేస్తారు కాబట్టి అది పరీక్ష అయింది.

వస్తువు మారితే ఫలితం ఎంత మారుతుందో రాబర్ట్ సెర్పెల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1979లో చూపించాడు. జాంబియాలోని లుసాకా పిల్లలకు, ఇంగ్లండులోని మాంచెస్టర్ పిల్లలకు ఒకే పని ఇచ్చాడు: ఎదురుగా ఉన్న నమూనాను చూసి అలాగే చేయాలి. కాగితం, పెన్నూ ఇచ్చినప్పుడు మాంచెస్టర్ పిల్లలు ముందున్నారు. తీగ ఇచ్చి వంచమన్నప్పుడు లుసాకా పిల్లలు ముందున్నారు, తీగతో బొమ్మబండ్లు చేసుకోవడం అక్కడి పిల్లల రోజువారీ ఆట. మట్టి ఇచ్చినప్పుడు ఇద్దరూ సమానం. ఆయన కాగితంతోనే ఆగిపోయి ఉంటే ఏమని రాసేవాడో ఆలోచించండి. మనం రోజూ కాగితంతోనే ఆగిపోతున్నాం.

ఇక ఒక ఆటను దగ్గరగా చూద్దాం. 1883లో ఎడ్వార్ లుకా అనే ఫ్రెంచి గణితవేత్త 'హనోయి స్తంభాలు' అని ఒక ఆటబొమ్మ తయారుచేశాడు. కాశీలో ఒక గుడిలో పూజారులు బంగారు పళ్ళేలను ఒక కంబం నుంచి ఇంకో కంబానికి మారుస్తూ ఉంటారన్న కథ కూడా దానికి తగిలించారు. కథ సంగతి వదిలేయండి, ఆట బంగారం. మనకు కంబాలు, పళ్ళేలు అక్కర్లేదు. నేల మీద సుద్దముక్కతో వరసగా మూడు గళ్ళు గీయండి. మూడు మూతలు తీసుకోండి: పెద్ద డబ్బా మూత, పచ్చడి సీసా మూత, కూల్‌డ్రింక్ సీసా మూత. పెద్దది అడుగున, చిన్నది పైన ఉండేలా మొదటి గడిలో పేర్చండి. మొత్తం దొంతరను చివరి గడికి చేర్చాలి. ఒక ఎత్తుకు ఒక్క మూతే కదపాలి. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఏడు ఎత్తుల్లో అయిపోతుంది.

గాజువాక వైపు ఒక బడిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఈ ఆట ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూశాను. చిన్నమూత తీసి నడిమి గడిలో పెట్టింది. మధ్యదాన్ని చివరి గడిలో పెట్టింది. చిన్నదాన్ని తెచ్చి దాని మీద పెట్టింది. ఇప్పుడు పెద్దమూత కదపాలి. ఖాళీగా ఉన్నది నడిమి గడి ఒక్కటే. పిల్ల చేయి గాల్లో ఆగిపోయింది. "పెద్దది నడాన పడిపోతందేటి?" అని తనలో తనే అనుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపు మూతల వంక చూసి, తను వేసిన ఎత్తులు ఒక్కొక్కటే వెనక్కి వేసుకుంటూ పోయింది. మళ్ళీ మొదటికి వచ్చాక చిన్నమూతను ఈసారి చివరి గడిలో పెట్టింది. తక్కిన ఆరు ఎత్తులూ తడుముకోకుండా సాగిపోయాయి.

పక్కనే ఇంకో పిల్లవాడు అంతకుముందే ముగించాడు. ఆగకుండా, ఆలోచించకుండా, ఇటు తీసి అటు పెడుతూ ఎన్నో ఎత్తులు వేశాక మూతలు చివరి గడికి చేరాయి. మార్కులు వేసే కాగితంలో ముందు ముగించినవాడికి ఎక్కువ పడతాయి. చూసే కంటికి తేడా తెలుస్తుంది. పిల్లవాడికి జవాబు దొరికింది. పిల్లకు తన పొరపాటు ఎక్కడ మొదలైందో దొరికింది. మూడో ఎత్తు తర్వాత వచ్చిన చిక్కుకు కారణం మొదటి ఎత్తులో ఉందని ఎనిమిదేళ్ళకే కనిపెట్టడం చిన్న విషయమా? చిక్కు విప్పుకోవడమంటే అసలు అదే.

ఇంతటితో ఆపకూడదు. మరునాడు ఆ పిల్లకు నాలుగు మూతలు ఇవ్వాలి. నాలుగైతే పదిహేను ఎత్తులు కావాలి, పైగా మొదటి ఎత్తు నడిమి గడిలోకి వెళ్ళాలి. చిన్నది ఎప్పుడూ చివరి గడిలోనే పెట్టాలని బట్టీపట్టిన పిల్ల ఇక్కడ ఇరుక్కుంటుంది. పెద్దమూతకు దారి ఖాళీ చేయడమే పని అని గ్రహించిన పిల్ల ముందు ఆగి, లెక్క చూసుకుని కదుపుతుంది. ఒక ఉపాయాన్ని గుర్తుపెట్టుకోవడానికీ, దాని కారణం అర్థం చేసుకోవడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క మూత తేల్చేస్తుంది. వంద మార్కుల ప్రశ్నపత్రం చాలాసార్లు ఈ దూరాన్ని చూపించదు.

ఫ్రాన్సు దాకా వెళ్ళాల్సిన అవసరం కూడా లేదు. మన పులీ-మేకా ఆట ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లు. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి చంపుతుంది. మేకలు చంపలేవు, పులుల్ని కదలకుండా కట్టేయగలవు. పెద్దలంతా పులులవైపు ఆడేవాడి తెలివినే మెచ్చుకుంటారు. మీరు మేకలవైపు ఆడే పిల్లను చూడండి. మేకను పెట్టేటప్పుడు దాని వెనక చోటు ఖాళీగా ఉందా లేదా అని చూస్తోందా? పులి పక్కన కావాలని ఒక మేకను ఎరవేసి, పులి దూకాక దాని దారి మూసేస్తోందా? అలా చేస్తే ఆ పిల్ల తన ఎత్తు, ఎదుటివారి ఎత్తు, మళ్ళీ తన ఎత్తు మూడూ ముందే ఊహించింది. ఒక మేక పోగానే కంగారుపడి తక్కినవాటిని చెల్లాచెదురు చేస్తోందా, మిగిలినవాటితో ఆట మళ్ళీ కట్టుకుంటోందా? ఓడిపోతున్నప్పుడు పిల్లలు ఏం చేస్తారన్నది నాకు గెలుపు కంటే ఎక్కువ చెబుతుంది.

వామనగుంటలూ అంతే. రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు, చింతపిక్కలు. పిక్కలు తీసి పంచుకుంటూ పోతే చేయి ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోటు పక్క గుంటలో ఏం దొరుకుతుందో ముందే తెలిసిన పిల్ల ఏ గుంట నుంచి మొదలుపెట్టాలో ఎంచుకుంటుంది. కొందరు వేలు గాల్లో తిప్పుతూ గుంటలు లెక్కపెడతారు. ఇంకొందరు ఒక్క చూపులో తేల్చేస్తారు. నియమాలు ఊరికో రకంగా ఉంటాయి, దానివల్ల నష్టం లేదు. నియమం మారినప్పుడు పిల్ల తన పద్ధతి ఎలా మార్చుకుంటుందో చూడడానికి అది ఇంకో అవకాశం.

ఇదంతా చేయాలంటే పెద్దవాళ్ళకు ఒక కష్టమైన విద్య రావాలి. ఊరుకోవడం. పిల్ల చేయి గాల్లో ఆగినప్పుడు మన నోరు ఆగదు. "అలా కాదమ్మా, ఇటు పెట్టు" అంటాం. ఆ ఒక్క మాటతో మనం చూడాలనుకున్నది పోతుంది. ఆట అయ్యాక అడగాలి, "ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని, పిల్ల ఇంటి భాషలో అడగాలి. ఇది పంతులుగారి ఊరి చుట్టుపక్కల సీమ. పిల్ల 'ఏటి' అంటే 'ఏమిటి' అని దిద్దే సమయం అది కాదు. మల్కాపురం, గాజువాక బడుల్లో రేవుకూ ఫ్యాక్టరీలకూ పనికి వచ్చినవాళ్ళ పిల్లలు ఒడియా, హిందీ మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఏజెన్సీలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలుంటారు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో, సవరతో సహా, ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. గిడుగు వారు మొదలుపెట్టిన పని దాదాపు శతాబ్దం తర్వాత సర్కారు చేతికి వచ్చిందన్నమాట. ఆటలో చేతికీ కంటికీ పని ఎక్కువ, మాటకు తక్కువ. భాషలు కలవని తరగతిలో పిల్లల బుద్ధిని చూడడానికి ఇంతకంటే న్యాయమైన దారి లేదు.

చూసింది రాసుకోవాలి, లేకపోతే అభిప్రాయంగా మిగిలిపోతుంది. రెండు వాక్యాలు చాలు. ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు ఏం చేసింది, చిక్కు మళ్ళీ వస్తే ఏం మార్చుకుంది. "చురుకైన పిల్ల" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఒకే పిల్లను ఇద్దరు టీచర్లు చూసి విడివిడిగా రాసుకుని పోల్చుకోవాలి. ఇద్దరికీ పొంతన కుదరకపోతే లోపం మన చూపులో ఉంది. ముందు పిల్లకు నియమం అర్థమైందో లేదో తేల్చుకోవాలి, నియమం తెలియక ఓడిన పిల్లను చిక్కు విప్పలేనిదానిగా లెక్కించకూడదు. ఒక్కరోజు చూసి తేల్చకూడదు, ఆ పూట పిల్ల అన్నం తినకుండా వచ్చి ఉండవచ్చు. ఒక్క ఆటతోనూ తేల్చకూడదు. పులీ-మేకాలో ఆరితేరడం ముందుగా పులీ-మేకాలో ఆరితేరడమే. ఆ నేర్పు ఇంకో చోటికి వస్తుందో లేదో వేరే ఆటలో విడిగా చూడాలి.

మన రాష్ట్రంలో ఈ పని క్రమపద్ధతిలో చేసి చూపించినవాళ్ళున్నారు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె పిల్లల కోసం కార్డుల చదువు తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న పనులుగా విడదీసి కార్డుల మీదికి తెచ్చారు. గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుసు, తన కార్డు తనే వెళ్ళి తెచ్చుకుంటుంది. కొన్ని మెట్ల తర్వాత వచ్చే కార్డు నేర్చుకున్నది నిలిచిందో లేదో చూసేది. అది కూడా వరసలో ఇంకో కార్డే. నిలవకపోతే ఇంకొంచెం సాధన, నిలిస్తే ముందుకు. ఫెయిల్ అన్న మాట పుట్టడానికి అందులో చోటు లేదు. పిల్లలు దుకాణాలు పెట్టి, ఊరివాళ్ళను పిలిచి, తూచి, కొలిచి, అమ్మి చూపించే 'మెట్రిక్ మేళా' అక్కడ ఉంది. బజారు లెక్క, బడి లెక్క చేతులు కలిపే చోటు అది. ఈ పద్ధతి కర్ణాటకలో 'నలి కలి'కి, తమిళనాడులో కార్యాచరణ బోధనకు దారి చూపింది. పక్క రాష్ట్రాలు అందిపుచ్చుకున్నంత గట్టిగా మనం అందిపుచ్చుకోలేదన్నది నా ఫిర్యాదు.

చట్టం మనవైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలనీ, భయం లేని వాతావరణం ఉండాలనీ, మూల్యాంకనం నిరంతరం, సమగ్రంగా జరగాలనీ, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలనీ చెబుతుంది. 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటే చదువు కావాలంది, మూల్యాంకనం పిల్లను గమనించడం ద్వారా జరగాలంది. 2023 ఫిబ్రవరిలో ఆటవస్తువులు, పజిళ్ళు, తోలుబొమ్మలు నింపిన 'జాదూయీ పిటారా' పెట్టె వచ్చింది. పెట్టె రావడం మంచిదే. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే, తనిఖీ రోజున మాత్రం తెరిస్తే ప్రయోజనం లేదు. అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో ఉన్న రిజిస్టర్లలో నాలుగు తగ్గిస్తే తప్ప ఆమెకు పిల్ల ఆటను చూసే తీరిక దొరకదని పైవాళ్ళు గ్రహించాలి.

ఆట ఆడించగానే పిల్లలకు లెక్కలు వచ్చేస్తాయని నేను చెప్పడం లేదు. ఆ భ్రమ తొలగించిన పరిశోధన కూడా మన దేశంలోనే జరిగింది. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఢిల్లీలోని 214 పూర్వ ప్రాథమిక బడుల్లో 1,540 మంది పిల్లలతో చేసింది. సంఖ్యల అందాజును, ఆకారాల పోలికను పదును పెట్టే ఆటలు నాలుగు నెలలు ఆడించారు. ఆ సహజమైన పట్టు పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. ఒకటో తరగతి లెక్కల్లో మాత్రం ఆ పిల్లలు తక్కినవారికంటే ముందుకు పోలేదు. ఆటకూ అంకెకూ మధ్య వంతెన దానంతట అది లేవదు, టీచరు కట్టాలి. ఎక్కడ కట్టాలో చూపించేది ఆట.

రెండు ప్రమాదాల గురించి హెచ్చరించి తీరాలి. మొదటిది మార్కు. పులీ-మేకాకు ఇరవై మార్కులు అని ఎవరైనా సర్క్యులర్ ఇచ్చిన మరునాడే ఈ నగరంలో పులీ-మేకా కోచింగ్ సెంటర్లు వెలుస్తాయి. నాలుగు మూతల ఆటకు పదిహేను ఎత్తులూ బట్టీ వేయిస్తారు. అప్పుడది ఏమీ కొలవదు. రెండోది ఫోను. మీ బాబు తెలివి పది నిమిషాల్లో చెబుతామనే గేములు తల్లిదండ్రులకు తెగ అమ్ముతున్నారు. బుద్ధికి పదును పెడతామని ప్రకటించుకున్న లుమోసిటీ అనే కంపెనీ ఆధారం లేని మాటలు చెప్పిందన్న అభియోగం మీద అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థకు 2016లో ఇరవై లక్షల డాలర్లు కట్టింది. తెర మీది ఆటలో మంచి ఉపయోగాలూ ఉన్నాయి, ప్రతి ఎత్తూ, ప్రతి ఆలస్యమూ దానంతటదే నమోదవుతుంది. సరిగ్గా అందుకే జాగ్రత్త కావాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పిల్లల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. సమ్మతి బొత్తాం నొక్కే ముందు అడగండి, మా పిల్ల తడబాట్ల లెక్క ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు ఉంటుందని.

ఆంధ్ర విశ్వవిద్యాలయం మన ఊళ్ళో ఉంది. కోనేరు రామకృష్ణారావుగారు పెంచి పోషించిన మనోవిజ్ఞాన శాఖ ఉంది. వారికి నాది ఒక్క కోరిక. ఉత్తరాంధ్ర ఆటలను, జాలరిపేటల్లో, ఏజెన్సీ గూడేల్లో, ఉక్కునగరం క్వార్టర్లలో ఆడేవాటిని, సేకరించండి. ఏడేళ్ళ పిల్ల మామూలుగా ఏ ఎత్తు దాకా ముందు చూడగలదో, తొమ్మిదేళ్ళకు ఏం మారుతుందో మన పిల్లల మీదే కట్టిన ప్రమాణాలు తయారుచేయండి. పరాయి దేశపు పట్టికలతో మన పిల్లల్ని ఎన్నాళ్ళు తూస్తాం?

ఉపాధ్యాయులకు నా విన్నపం ఇంకా చిన్నది. వారానికి ఒక్క పీరియడ్ తీసుకోండి. ఆ పీరియడ్‌లో ముగ్గురు పిల్లల్నే చూడండి, తక్కినవాళ్ళు ఆడుకోనివ్వండి. ఏడాది తిరిగేసరికి తరగతిలో ప్రతి పిల్ల గురించీ మీ దగ్గర కొన్ని వాక్యాలు ఉంటాయి. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల పట్టీకి ముందు ఆ వాక్యాలు చదివి వినిపించండి. లెక్కల్లో వెనకబడిందని మీరు అనుకుంటున్న పిల్లతో మొదలుపెట్టండి. ఆ పిల్లకు ఎంత త్వరగా వంతు వస్తే అంత మంచిది.